మూత మీద గీత

ప్రపంచంలో చెప్పుకోదగ్గ ముక్కులు రెండే రెండు. ఒకటి ఏనుగుది. రెండోది మా తాతది. ఏనుగు అయిదు మైళ్ళ అవతల ఉన్న నీళ్ళను పసిగడుతుందంటారు. అదేమంత గొప్ప కాదు, నీళ్ళు అబద్ధాలు చెప్పవు. మా తాత బజారు మొదట్లో నిలబడి, బజారు చివర వేలాడుతున్న మాంసం ఎప్పుడు కోసిందో చెప్పేవాడు. దాన్ని కోసినవాడు ఇవాళ ఎన్ని అబద్ధాలు చెప్పబోతున్నాడో కూడా చెప్పేవాడు. ఈ ఊళ్ళో సగం మంది ఆయన ముక్కు పుణ్యాన బతికున్నారు. మిగతా సగం మంది బయట తినరు కాబట్టి బతికున్నారు.

ఈ పేరా నేను రాసిందే. అచ్చులో కూడా వచ్చింది. మా ఊరి ఆరోగ్య కార్యాలయానికి డెబ్బై అయిదేళ్ళు నిండాయని వాళ్ళొక పుస్తకం వేశారు. ఆ ఆఫీసు గుమాస్తా ప్యాంట్లు నేనే కుడతాను. నడుము కొలుస్తుంటే ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, "మీ తాత గురించి ఒక పేజీ రాసివ్వకూడదూ?" అన్నాడు. నేను పదో తరగతి మూడుసార్లు తప్పిన మనిషిని. అయితే తెలుగులో ఒక్కసారే తప్పాను. ఆ ధైర్యంతో రాసిచ్చాను. కత్తెర పట్టుకునేవాళ్ళకి కలం పెద్ద బరువేమీ కాదు. ఆ పేజీ వల్ల ఏం జరిగిందో చెప్పడానికి ఇప్పుడు ఇదంతా రాయాల్సి వస్తోంది.

తాత ఉద్యోగం ఆహార తనిఖీ. ఎదురుపడితే అందరూ "ఇన్‌స్పెక్టరు గారూ" అనేవాళ్ళు. వీపు తిప్పగానే "ముక్కు సారు" అనేవాళ్ళు. ఆయన రిటైరై ఇరవై ఏళ్ళు దాటినా నన్ను ఇప్పటికీ ముక్కు సారు మనవరాలనే పిలుస్తారు. నా ముక్కు మాత్రం మా అమ్మమ్మది. జలుబు చేయడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఆయనకొక తోలు సంచి ఉండేది. అందులో బిరడాలున్న గాజు సీసాలు ఆరు, సీలు వేయడానికి లక్క కడ్డీ, అగ్గిపెట్టె, దారపు ఉండ, ఫినాయిలు డబ్బా, ఇత్తడి గొట్టంలో పొడుగాటి థర్మామీటరు. వీటన్నిటికంటే ఆయనకి ఇష్టమైనది గోనె సంచులు కుట్టే దబ్బనం లాంటి ఇనుప చువ్వ. దాన్ని మాంసంలో ఎముక పక్కగా దించి, బయటికి తీసి, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. పైకి ఎంత ఎర్రగా నిగనిగలాడుతున్నా, తొడలాంటి పెద్ద ముక్కలు చెడటం ఎముక దగ్గరే మొదలవుతుందట. చువ్వ వాసన చూసేటప్పుడు కళ్ళు మూసుకునేవాడని, ఆ కాసేపూ బజారులో బేరాలు కూడా ఆగిపోయేవని చెబుతారు. కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపితే ఇక ఫినాయిలే. అంత మాంసం మీదా ఒలకబోయించి, గొయ్యి తవ్వించి, పూడ్చేదాకా అక్కడే నిలబడేవాడు.

థర్మామీటరు సంగతి నేనొకసారి అడిగాను. "దాన్ని ఎప్పుడు తీసేవాడివి తాతా?"

"రిటైరైన రోజు తీశాను. ఆఫీసులో అప్పగించాలిగా."

అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు మొహం చెల్లడం లేదు.

ఇంట్లో ఆయనతో వేగడం అమ్మమ్మకే తెలుసు. పళ్ళెంలో వడ్డించింది ముందు ముక్కుకి వెళ్ళేది, తర్వాతే నోటికి. "నలభై ఏళ్ళు నా వంట వాసన చూశాడు, ఒక్కనాడైనా రుచి చూశాడా?" అని ఆవిడ గోల. ఇంకో పిచ్చి కూడా ఉండేది. మధ్యాహ్నం వండిన కూర సాయంత్రానికి మిగిలితే, వాసన చూడకుండానే పారబోసేవాడు. అంత గొప్ప ముక్కు ఉండి సాయంత్రం పూట దాన్ని వాడడేమని మాకు వింతగా ఉండేది. "సార్ ముక్కుకి మధ్యాహ్నం దాకానే డ్యూటీ" అని నేను వెక్కిరించేదాన్ని. ఆయన గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

ఇక గీత సంగతి.

తాత చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. హాస్టళ్ళు, క్యాంటీన్లు, ఆసుపత్రి వంటిల్లు, ఎక్కడికి వెళ్ళినా గుండిగల మూతలు తీయించి, ఆవిరిలోకి ముక్కు పెట్టి, బాగుంటే మూత మీద ఒక గీత గీసేవాడు. రూల్సులో గీత అనేదే లేదు. నమూనా తీయాలి, వేడి ఎంతుందో చూడాలి, ఎప్పుడు వండారో ఎప్పుడు వడ్డిస్తారో రాసుకోవాలి. అలా చేస్తే రోజుకి నాలుగు వంటిళ్ళు అవుతాయి. వాసన చూసి గీత పెడితే ఇరవై అవుతాయి. ఇరవై చేసేవాడు కాబట్టి పై ఆఫీసరుకి ఆయనంటే ముద్దు.

వంటవాళ్ళకి ఆ గీత అంటే బళ్ళో వందకి వంద మార్కులు వచ్చినంత సంబరం. చెరగనిచ్చేవాళ్ళు కాదు. మళ్ళీ వారం వచ్చినప్పుడు ఆయన ఆ గీత మీదే దిద్దేవాడు. దిద్దగా దిద్దగా అది చిటికెన వేలంత లావయ్యేది. గీత పోతుందని మూత పైభాగం ఎవరూ కడిగేవాళ్ళు కాదు. లోపలి వైపు తళతళలాడేది. పైన జిడ్డు, మసి, వాటి మధ్యలో తెల్లగా మా తాత. శుభ్రానికి గుర్తుగా పెట్టిన గీతను కాపాడుకోవడానికి ఊళ్ళోని వంటిళ్ళన్నీ మురికి మూతలు పెట్టుకున్నాయి. తాతకి ఇది తెలుసు. తెలిసి మురిసిపోయేవాడు.

పుస్తకం వచ్చిన నాలుగో రోజు పొద్దున ఒకావిడ మా టైలరింగ్ షాపుకి వచ్చింది. డెబ్బై ఏళ్ళుంటాయి. సన్నగా ఉంది, ముంజేతులు మాత్రం పహిల్వాను చేతుల్లా ఉన్నాయి. చేతిలో మా పుస్తకం ఉంది.

"ముక్కు సారు మనవరాలివి నువ్వేనా?"

"అవునండీ. కొలతలివ్వడానికా?"

"కాదులే. నువ్వు రాసింది చదివించుకున్నాను. ఏనుగు దగ్గర మా మనవడు పడీ పడీ నవ్వాడు."

నేను ఉబ్బిపోయాను. కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

"కింద ఇంకో ముక్క ఉంది చూశావా?"

ఉంది. నేను రాయలేదు. ఆఫీసువాళ్ళు నా పేరా కింద, నా పేరు మీదే అతికించారు: 'దారం మిల్లు క్యాంటీన్ వంటమనిషి నిర్లక్ష్యం వల్ల జరిగిన విషాహార దుర్ఘటనలో అసలు కారణాన్ని పసిగట్టింది కూడా ఈ ముక్కే.'

"అది వాళ్ళు కలుపుకున్నారండీ. నాకేం తెలియదు."

"ఆ వంటమనిషిని నేనే" అంది.

గరిటమ్మ! చిన్నప్పటి నుంచి ఆ పేరు వింటూనే ఉన్నాను. ఆరు వందల మందికి ఒంటి చేత్తో వండేదని, గరిటె కింద పెట్టదని ఆ పేరు వచ్చిందట. ఆ సంఘటన తర్వాత ఊళ్ళో పిల్లలు దాన్ని 'విషం గరిటె' చేశారు. పిల్లలు అన్నం తినకపోతే మా వీధిలో ఆవిడ పేరు చెప్పి బెదిరించేవాళ్ళు. నేను కూడా ఆ బెదిరింపుతో తిన్నదాన్నే.

ఆవిడ నా చేతి వైపు చూసింది. "నీ చేతిలోనూ సుద్దముక్కేనా? మీ ఇంటికి బాగా అచ్చొచ్చింది."

గుడ్డ మీద గీత గీయబోతూ ఆగిపోయాను.

"మీ తాతని మూత సంగతి అడుగు. అడిగి, ఉన్నదున్నట్టు ఒక కాగితం మీద రాసిమ్మను. ఊరికి చూపించను. పేపర్లో వేయించను. మా కోడలికి చూపించుకుంటాను, అంతే."

"కోడలికి దేనికండీ?"

"పదకొండేళ్ళయింది ఆ పిల్ల కాపురానికి వచ్చి. మంచిది. ఒక్కరోజు నోరు జారలేదు. నేను పొయ్యి దగ్గరికి వెళ్తే చాలు, 'మీరు కూర్చోండి అత్తయ్యా' అంటుంది. నీళ్ళు కాచుకుంటానన్నా అదే మాట. పిల్లలకి ముద్ద కలిపిపెడదామన్నా అదే మాట. కూర్చుని కూర్చుని నడుం పడిపోతోందమ్మాయ్. ఒక్కసారి వండి పిల్లలకి పెడితే చాలు. ఆ తర్వాత ఎలాగూ కూర్చోవాల్సిందేగా."

పుస్తకం నా బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం తాత పెరట్లో కూర పారబోస్తుంటే అడిగాను. "తాతా, మూత సంగతేంటి?"

గిన్నె కింద పెట్టలేదు. నా వైపు తిరగలేదు. "ఎవరు చెప్పారు?"

"గరిటమ్మ వచ్చింది."

"ఇంకా ఉందా?" అన్నాడు. ఉందని తెలియకపోవడం ఏమిటి? ఆవిడ ఇల్లు మా ఇంటికి మూడు వీధుల అవతల. ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఆ వీధిలోంచి నడవలేదని నాకు అప్పుడు తట్టింది. పోస్టాఫీసుకి ఎప్పుడూ చుట్టు తిరిగి వెళ్ళేవాడు. నడక ఆరోగ్యానికి మంచిదట!

ఆ రోజు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నేను కుట్టి ఒకటి చేశాను.

దారం మిల్లు క్యాంటీన్‌లో ఆ రోజు మాంసం కూర. ఉదయం పదింటికి తాత వెళ్ళి, గుండిగ మూత తీయించి, వాసన చూసి, గీత దిద్ది వచ్చాడు. పదకొండింటికి మిల్లులో ఏదో యంత్రం పేలింది. పొద్దుటి షిఫ్టు వాళ్ళను ఇళ్ళకి పంపేశారు. కూర మొత్తం మిగిలిపోయింది. గరిటమ్మ పారబోద్దామంది. క్యాంటీన్ కాంట్రాక్టరు మూత వైపు వేలు చూపించాడు. "ముక్కు సారు గీత ఉంది కనపడటం లేదా? నీకంటే ఆయనకి ఎక్కువ తెలుసు. అలాగే ఉంచి సాయంత్రం షిఫ్టుకి వడ్డించు." ఆవిడ గీత వైపు చూసింది. ఉంచింది. పొయ్యి ఆర్పేసిన గుండిగ, లోపల గోరువెచ్చగా, ఏడు గంటలు అలాగే ఉంది. సాయంత్రం వడ్డించేముందు వాసన కూడా చూసింది. కమ్మగా ఉంది.

తెల్లారేసరికి నూట పదిమంది ఆసుపత్రిలో ఉన్నారు. కడుపు పట్టుకుని వరండాల్లో, మెట్ల మీద, ఎక్కడ చోటుంటే అక్కడ. గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయన రెండో రోజు చనిపోయాడు. అసలే ఒంట్లో బాగాలేని మనిషి. ఆ రోజు ఇంటి దగ్గర నుంచి అన్నం తెచ్చుకున్నాడట. గరిటమ్మే పిలిచి, "ఇదిగో కాస్త కూర వేసుకో" అని వేసింది.

"తనిఖీకి మళ్ళీ నన్నే పంపారు" అన్నాడు తాత. "పొద్దున్నే వెళ్ళాను. వంటింట్లో ఎవరూ లేరు. మూత గోడకి ఆనించి ఉంది. గీత నా వైపే ఉంది."

"అప్పుడు?"

"జేబులో రుమాలు ఉంది."

కుళాయి కింద బకెట్టు నిండి పొర్లిపోతోంది. నేను కట్టేయలేదు.

"మధ్యలో ఒక్కచోటే తుడిస్తే తెలిసిపోతుంది. అందుకని మూతంతా తుడిచాను. తడిపి తడిపి తుడిచాను."

విచారణ మీటింగులో గరిటమ్మ నిలబడి, గీత ఉంది కాబట్టే ఉంచానంది. మూత తెప్పించారు. మూత మీద ఏమీ లేదు. పై ఆఫీసరు తాతని అడిగాడు. "గీత ఏమన్నా ఉందా?" తాత లేచి, "ఇప్పుడు చూస్తే ఏమీ కనపడటం లేదండీ" అన్నాడు. చూడండి, అబద్ధం ఆడకుండా ఎంత అందంగా ఆడాడో! ఈ తెలివి నాకెందుకు రాలేదా అని నేను పరీక్షల్లో ఎన్నిసార్లు ఏడ్చానో.

గరిటమ్మ అక్కడితో ఊరుకోలేదు. "నా మూతలన్నీ తెప్పించండి సార్. ఒక్కటీ పైన కడగను. అన్నీ జిడ్డుగా ఉంటాయి. ఇదొక్కటే ఇంత శుభ్రంగా ఎందుకుందో చూడండి" అంది. ఎంత తెలివైన మాట! వకీలు కూడా అంత చక్కగా చెప్పలేడు. మూతలన్నీ తెప్పించారు. అన్నీ జిడ్డుగానే ఉన్నాయి. ఆఫీసరు నవ్వి, "మూతలు కడగనని నువ్వే ఒప్పుకున్నావు. రాసుకోవయ్యా" అన్నాడు. రాసుకున్నది తాతే. 'పాత్రల మూతలు అపరిశుభ్రంగా ఉన్నవి. వంటమనిషి స్వయంగా అంగీకరించినది.' గుండ్రటి అక్షరాలు ఆయనవి. ఆ వాక్యం మీదే ఆవిడ ఉద్యోగం పోయింది. ఆరు నెలల శిక్ష కూడా పడింది. కొడుక్కి అప్పుడు పదిహేనేళ్ళు. కాంట్రాక్టరు జరిమానా కట్టి, క్యాంటీన్‌కి సున్నం వేయించి, కొత్త వంటమనిషిని పెట్టుకున్నాడు.

"ఉద్యోగం పోతుందని భయపడ్డావా తాతా?"

"అదీ ఉంది."

"మరి?"

"ఆ కూర సీసాలో పెట్టి పరీక్షకి పంపాను. రిపోర్టులో విషం పుట్టిందని వచ్చింది. సీసా పంపేముందు నేను వాసన చూశాను కోతీ. కమ్మగా ఉంది. ఆ సాయంత్రం నేనే అక్కడ ఉన్నా గీతే పెట్టేవాణ్ణి." గిన్నెను అటూ ఇటూ తిప్పాడు. "ముక్కుతో తెలిసే చెడుగు వేరు, మనుషుల్ని పడగొట్టే చెడుగు వేరు. అది థర్మామీటరుకి తెలుస్తుంది, గడియారానికి తెలుస్తుంది. ముక్కుకి తెలియదు. పందొమ్మిదేళ్ళు ఊళ్ళో గీతలు పెట్టుకుంటూ తిరిగాను. ఎన్ని గీతలకి అర్థం ఉందో ఎవరికి తెలుసు? ఒక్క గీత పోతే అన్నీ పోతాయి."

"అయితే ఆవిడకి కాగితం రాసిస్తావా?"

"రాసేది లేదు. లోపలికి పో."

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఊరుకునే రకమా? అన్నం దగ్గర మంచినీళ్ళ గ్లాసు మీద మూత పెట్టి, దాని మీద నా టైలరు సుద్దతో గీత గీసి పెట్టేదాన్ని. మొదటి రోజు తుడిచేశాడు. రెండో రోజు గ్లాసు ముట్టుకోలేదు. మూడో రోజు అమ్మమ్మ విషయమంతా నా చేత చెప్పించుకుని నా వీపు మీద ఒకటి వేసింది. తర్వాత ఆయన వైపు తిరిగి, "ఇన్నేళ్ళూ నేను వండింది పారబోశావు. పాడైంది నా కూర కాదన్నమాట" అని లోపలికి వెళ్ళి పడుకుంది. ఆ పూట అన్నం తినలేదు.

నాలుగో రోజు కోడలి సంగతి చెప్పాను. పెరట్లో చెబుదామంటే ఆయన చెప్పనివ్వలేదు కదా, ఇప్పుడు పేపరు చదువుకుంటుంటే ఎదురుగా కూర్చుని చెప్పాను. పదకొండేళ్ళ 'మీరు కూర్చోండి అత్తయ్యా' మొత్తం చెప్పాను.

పేపరు కిందికి దించాడు. "టీ కూడా పెట్టనివ్వదా?"

"నీళ్ళు కూడా కాచనివ్వదు."

పేపరు మడిచి, కాగితం తెమ్మన్నాడు. ఉత్తరంలా రాస్తాడనుకున్నాను. ఆయనకి వేరే రాత రాదు పాపం, తనిఖీ రిపోర్టే రాశాడు. పైన ఇరవై ఆరేళ్ళ కిందటి తేదీ వేశాడు. 'తనిఖీ చేసిన వస్తువు: మాంసం కూర గుండిగ మూత. కనుగొన్నది: నేను ముందురోజు సుద్దతో పెట్టిన గీత. దానిని నమ్మి వంటమనిషి కూరను సాయంత్రము వరకు ఉంచినది. తీసుకున్న చర్య: గీతను తుడిచివేసితిని.' కింద సంతకం, హోదా.

"బూట్లు తీసుకురా" అన్నాడు.

పోస్టాఫీసుకి చుట్టు తిరిగి వెళ్ళే మనిషి, ఆ రోజు తిన్నగా నడిచాడు. ఏడు నిమిషాలు పట్టింది. నేను గడియారం చూసి చెబుతున్నాను.

రెండు గదుల ఇల్లు. ముందుగదిలో మంచం, కుట్టు ఊడిన సోఫా, పిల్లల బడి సంచులు. లోపలి గది గుమ్మంలోంచి పొయ్యి కనిపిస్తోంది. గరిటమ్మ ఆ గుమ్మానికి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. అక్కడి నుంచి పొయ్యి బాగా కనిపిస్తుంది. తాతని చూసి లేవబోయింది.

"కూర్చోమ్మా" అన్నాడు తాత. అనగానే నాలుక కరుచుకున్నాడు. ఆ ఇంట్లో ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆయనకి అప్పుడు తెలిసింది.

కోడలు వచ్చింది. ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి. చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. పైకి చదవమంది అత్త. చదివింది. 'తుడిచివేసితిని' అన్న మాట దగ్గరికి వచ్చాక గరిటమ్మ, "మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివింది. "ఇంకోసారి" అంది. మూడోసారి కూడా చదివింది, విసుగు లేకుండా.

తర్వాత కోడలు కాగితం మడిచి, నెమ్మదిగా, గౌరవంగానే అంది. "గీత మీరే పెట్టారనుకోండి. సాయంత్రం దాకా ఉంచింది ఈవిడే కదండీ."

"నా గీత నమ్మి ఉంచింది."

"నమ్మే ఉంచింది. నేను కాదనను. ఆ ముసలాయన పోయాడు కదండీ. నాకు ఇద్దరు పిల్లలు."

తాత నోరు తెరిచాడు. ఊరందరి అబద్ధాలనూ ముక్కుతో పట్టిన మనిషి, నిజం ఎదురుగా నిలబడితే సోఫా అంచుకి జరిగాడు.

"అవునే" అంది గరిటమ్మ. "ఉంచింది నేనే. ఆ ముసలాయన గిన్నెలో వేసింది కూడా నేనే."

"నేనేమీ అనడం లేదు అత్తయ్యా. ఎప్పుడన్నా అన్నానా?"

"అనలేదు. ఒక్కసారి అని ఉంటే బాగుండేది."

కోడలు తల వంచుకుంది. ఆ పిల్ల మొహం చూస్తే నాకు కోపం కూడా రాలేదు. కోపం వస్తే ఎంత సుఖంగా ఉండేదో! "కూర్చోండి, టీ పెడతాను" అంటూ లోపలికి కదిలింది.

"నేను పెడతానే" అని గరిటమ్మ కుర్చీ చేతుల మీద బలం వేసి సగం లేచింది.

"మీరు కూర్చోండి అత్తయ్యా."

"ఆవిడ పెడితే తాగుతాను" అన్నాడు తాత.

ముగ్గురూ అలాగే ఉండిపోయారు. ఒకావిడ సగం లేచి, ఒకావిడ గుమ్మంలో, ఒకాయన సోఫా అంచు మీద. నేను బడి సంచి బకిల్ తీసి పెడుతూ కూర్చున్నాను.

"అయితే వద్దులెండి" అంది కోడలు చివరికి.

ఎవరూ టీ తాగలేదు. గరిటమ్మ కూర్చుంది. కాగితం అడిగి తీసుకుని, చిన్నగా మడిచి, దిండు గలీబులోకి తోసింది. గుమ్మం దాకా మాతో వచ్చి, "సారూ, ఆ రోజు మూత మీ రుమాలుతో తుడిచారా, అక్కడ మసిగుడ్డ ఉంది దాంతో తుడిచారా?" అని అడిగింది.

"రుమాలుతో."

"అనుకున్నాను. మసిగుడ్డతో అయితే అంత శుభ్రం రాదు."

తిరిగి వచ్చేటప్పుడు తాత వీధి మధ్యలో రెండుసార్లు ఆగాడు. బూటు కరుస్తోందన్నాడు. అవి పదేళ్ళ నాటి బూట్లు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి గుమాస్తాని అడిగాను, ఆ వాక్యం తప్పని ఎక్కడైనా వేయమని. ఆయన సగం పుస్తకాలు పంచేశామన్నాడు. మిగతావి పైవాళ్ళకి వెళ్ళాలన్నాడు. "మీ తాతకే కదమ్మా చెడ్డపేరు, నీకెందుకు ఈ తాపత్రయం?" అని నా మేలు కోరాడు. ఏనుగు మాత్రం పైవాళ్ళకి కూడా బాగా నచ్చిందట. ఆయన కొత్త ప్యాంటు నడుము దగ్గర ఒక అంగుళం బిగించి కుట్టాను. నా చేతుల్లో ఉన్న న్యాయం అంతే.

తర్వాత ఇదంతా రాసి, నిన్న పొద్దున తాతకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు, చువ్వ వాసన చూసేటప్పుడు మూసుకున్నట్టు. రుమాలు దగ్గర కదిలాడు. టీ దగ్గర కదల్లేదు. అయిపోయినా కళ్ళు తెరవలేదు. నిద్రపోయాడేమోనని ముక్కు కింద వేలు పెట్టి చూశాను. నా చెయ్యి తోసేశాడు.

"ఎలా ఉంది తాతా? గీత పెడతావా?"

"ఏనుగు కొట్టెయ్. మూత ఉంచు. ఆవిడ చేతికి ఇంకా గరిటె ఇవ్వలేదని రాయి. నీ తెలివి కలపకు."